బెల్టు లేని మల్లయోధుడు

మన భద్రాచలం అడవి అంచు ఊళ్ల పిల్లలు కరాటేలో బ్లాక్ బెల్టు కట్టుకుంటే నాకు కోడి రామ్మూర్తి నాయుడు గారు గుర్తొస్తారు. ఆయన కాలంలో మన వైపు ఆ బెల్టులు లేవు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కుస్తీ నేర్చి, మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, డ్రిల్లు మాస్టారయ్యారు. తర్వాతే సర్కసు పెట్టారు. ఊపిరి బిగబట్టి, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును తెంచేవారు. ఛాతీపై ఏనుగును నిలిపేవారు. గొలుసు తెగాలంటే ఎంత బలం కావాలో ఇంజనీరుగా నాకు తెలుసు. అది ఏళ్ల సాధనతోనే వస్తుంది. చివరి రోజుల్లో ఒక కాలు పోగొట్టుకుని, 1942లో కన్నుమూశారు. స్వర్ణోత్సవ వేళ గురువులకు ఒకటే మనవి: లెక్కల క్లాసు కోసం డ్రిల్లు పీరియడు తీసేయకండి.