ధాత కరవు – క్లౌ దొర

కరవు వచ్చినపుడు భూమి యెండుటయే గాక, మనుష్యుల లోపలి గుణములును బయటపడును. పండిన యేట అందరును ధర్మాత్ములుగనే కనబడుదురు. పండని యేట ఒకడు గాదె తలుపు తెరచును, ఒకడు మూయును. మూసినవాడు ధర మరికొంత పెరుగుటకై కాచుకొనియుండును. ఈ యిద్దరును గాక మూడవవాడొకడుండును. వాడు ఇచ్చువాడు కాడు, దాచువాడు కాడు. అరుగుపై గూర్చుండి, చచ్చువారి కర్మ మట్లున్నదని చెప్పి, తన కడుపు నిండియున్నందులకు లోలోన సంతసించును.

నలువదియెనిమిది దినములు నీరైనను లేకుండ గడపి, చేతికి వచ్చిన కొద్దిపాటి యన్నమును అతిథులకు బెట్టి, మిగిలిన నీటిని సయితము దప్పిగొన్నవానికి బోసిన రంతిదేవుని కథ మన భాగవతమున గలదు. దొంగలు కొట్టి దారిలో బడవేసిన బాటసారిని, పెద్దలు చూచి తొలగిపోగా, పరజాతివాడొకడు ఎత్తుకొనిపోయి కాపాడిన కథ క్రైస్తవుల గ్రంథమున గలదు. రెండు కథలును ఒక్కటే చెప్పుచున్నవి. వినుట తేలిక, కరవునాట ఆచరించుట కష్టము. అట్లాచరింప బూనినవారిలో ఒంగోలు సీమ మరువరాని వాడు జాన్ ఎవరెట్ క్లౌ.

ఆయన 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో జన్మించెను. బాల్యముననే ఆ కుటుంబము పడమటి రాష్ట్రములకు వలసపోయెను. యౌవనమున ఆయన ప్రభుత్వపు సర్వే పనివారితో గూడి గొలుసు పట్టి అడవులు కొలిచెను. ఎండవానలకు వెరవకుండుట, లెక్క తప్పకుండుట, కూలివారిని నడపుట ఆయన అక్కడనే నేర్చెను. ఈ విద్య యెన్నడో తెలుగుదేశమున వేలకొలది ప్రాణములకు ఆధారము కాగలదని అప్పుడాయనకు దెలియదు. తరువాత చదువు ముగించి, బాప్తిస్టు సంఘమువారి పక్షమున మతబోధకుడై 1865లో నెల్లూరు చేరెను.

ఆ కాలమున ఆ సంఘమువారికి తెలుగుదేశపు పని ఫలింపని చెట్టువలె దోచుచుండెను. దానిని మూసివేయవలెనని స్వదేశమున పలుమారులు ఆలోచనలు జరిగెను. నెల్లూరున ముందునుండి పనిచేయుచుండిన జూయెట్ దొర మాత్రము ఒప్పుకొనలేదు. క్లౌ ఆయనకు తోడై తెలుగు నేర్చి, 1866లో భార్యతో గూడ ఒంగోలున కాపురముండెను.

మొదట ఆ పట్టణమునందలి బ్రాహ్మణులు కొందరు తమ బాలుర చదువునకై ఆయనను ఆదరించిరి. ఇంతలో పడమటి పల్లెలనుండి మాదిగలు రాసాగిరి. వారిలో ముఖ్యుడు తాళ్లకొండపాడువాడు యెర్రగుంట్ల పేరయ్య. అతడు తోళ్ల వర్తకము చేయుచు, అంతకుముందు రాజయోగ మార్గమున ముక్తిని వెదకినవాడు. వీరిని చేర్చుకొన్నచో తమ పిల్లలను పంపజాలమని పెద్దకులములవారు తెలియజేసిరి. ఒక వంక గౌరవము, చదువుకొన్నవారి స్నేహము. మరియొక వంక ఊరి వెలుపలి పేదలు. దంపతులిద్దరును వేర్వేరుగా ఆలోచించి, తమ గ్రంథములో అల్పులను ఎన్నుకొనుటను గూర్చిన ఒక్క ఘట్టమునే తెరచి, ఒక్క నిశ్చయమునకే వచ్చిరట. పల్లెవారే వారికి ఆప్తులైరి.

ఆ పల్లెవారి బ్రదుకెట్టిదో చెప్పవలెను. చెప్పులు కుట్టుట, మోట నూతులకు తోలుబొక్కెనలు కట్టుట, జాతరలందు డప్పు కొట్టుట, చచ్చిన పశువులను లాగుట వారి పనులు. కళ్లమున వారికి గింజలు కొలుతురు. పంట లేనిచో ఆ కొలతయు లేదు. క్రొత్త మతమున జేరినవారు డప్పు మానిరి, చచ్చిన గొడ్డు మాంసము మానిరి, ఆదివారమున పని మానిరి. గ్రామపెద్దలకు ఇది రుచింపలేదు. కొన్ని యూళ్లలో మునసబులును కరణములును వారికి నూతినీరు కట్టివేయించిరి, చాకలిని మంగలిని మాన్పించిరి, లేని నేరములు మోపిరి. ఆ వ్రాతలు వ్రాసిన కలము గ్రామోద్యోగులదే. దానిని దాచుటవలన గ్రామమునకు గౌరవము రాదు.

ఇట్లుండగా ధాత సంవత్సరము వచ్చెను. 1876లో రెండు ఋతువుల వానలును తప్పెను. 1877లో ఈశ్వర నామ సంవత్సరమును కరవుతోనే నడచెను. మద్రాసు రాజధాని, మైసూరు, దక్కను ప్రాంతము లన్నియు మాడెను. చనిపోయినవారు ఏబది లక్షలకు మించిరని పరిశోధకుల యంచనా. ధాన్యము దేశమున బొత్తిగా లేకపోలేదు. వ్యాపారములో చేయి పెట్టరాదని ప్రభుత్వమువారు పట్టుపట్టుటచే, ధర పలికినచోటికి ధాన్యము పోయెను. ఓడలెక్కి విదేశములకును పోయెను. 1877 జనవరి 1వ తేదీన, విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించుటకు వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో మహావైభవముగా దర్బారు జరిపెను. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్, కరవుపనులలోని కూలివానికి దినమునకు ఒక పౌను గింజలును కొద్దిపాటి పైకమును చాలునని నిర్ణయించెను. ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ దొర అది మనిషిని నిలుపజాలదని వాదింపగా, కొన్ని నెలలకు కూలి పెంచబడెను. ఈలోపల పోయినవారు పోయిరి.

సముద్రతీరమున బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకము కరవుపనిగా సాగుచుండెను. కృష్ణా కాలువలను మద్రాసుతో గలుపు ఆ జలమార్గమునకు నాటి గవర్నరు పేరే పెట్టిరి. పని యున్నది గాని, పనిలోనికి పోయిన పేదల గతి బాగుండలేదు. ఎముకలగూడులై వచ్చినవారిని మేస్త్రీలు తిట్టి కొట్టి తరుముచుండిరి. మాదిగలకైతే మరింత హీనము. ఆకలితో వచ్చినవాడు బేరమాడలేడు, ఇచ్చినది పుచ్చుకొనును. ఈ సంగతి యెరిగినవారికి కరవు పంటకాలము వంటిదే.

ఇది చూచిన క్లౌ తన పాత సర్వేవిద్యను జ్ఞాపకము చేసికొనెను. కాలువలో మూడున్నర మైళ్ల పనిని తన పేరనే కంట్రాక్టు తీసికొనెను. లాభమున కైనచో వ్యాపారి యగును. ఆయన తీసికొన్నది మనుష్యులను బ్రదికించుటకు. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. వారు ఆ జనములోని వారే గనుక చేయెత్తి కొట్టరు. జనులు వేలకొలది చేరిరి. మాలమాదిగలే గాక ఇతర కులములవారును వచ్చిరి. మట్టి కొలిచి, కూలి సరిగా లెక్కగట్టి చెల్లించుచుండిరి. అట్లు కూలి ముట్టినచోట మనిషి మరునాటికి బ్రదికి లేచును. అంతకంటె గొప్ప ధర్మబోధ ఆ దినములలో ఏమి గలదు? అయినను రోగము విడువలేదు. విషూచియు మశూచియు శిబిరములలో ఎందరినో కొనిపోయెను.

సాయంకాలములందు పని విడిచినవారు బోధకుల చుట్టు జేరి వారి మాటలు వినిరి. తమను కొట్టని మేస్త్రీ యేమి నమ్మునో తెలిసికొన గోరుట సహజమే. పలువురు మతమున చేరుదుమనిరి. క్లౌకు అసలు పరీక్ష ఇచ్చటనే వచ్చినది.

ధాన్యమును దాచి లాభించువానిని లోకము నిందించును. ఆకలిగొన్నవానికి అన్నము చూపి, వాని విశ్వాసమును కొనువానిని ఏమనవలెను? అదియు పరుల ఆపదను లాభముగా మార్చుకొనుటయే గదా. ఆనాడు ఆయన తలయూపియుండినచో వేలసంఖ్యను స్వదేశమునకు వ్రాసి మెప్పు బడసియుండును. ఆయన తలయూపలేదు. 1877 మార్చి మొదలు పదునైదు నెలలపాటు ఆయన యొక్కరికిని బాప్తిస్మ మియ్యలేదు. సాయమును మాత్రము అందరికిని పంచెను. లండనునందు పోగైన చందాలనుండి వచ్చిన ధనమును పల్లెలకు జేర్చుటలో పాలుపంచుకొనెను. అన్నము అన్నముగా, మతము మతముగా నుండవలెనని ఆయన నియమము.

1878లో కరవు సడలెను. సాయధనము ముగియుచుండగా, ఇక నెవ్వరికిని కానియైన ఇయ్యజాలనని తెలిపి, తన బోధకులను ఒంగోలుకు ఉత్తరమున పదిమైళ్ల దూరములో గుండ్లకమ్మ యొడ్డునున్న వెల్లంపల్లికి రమ్మనెను. బోధకుల వెంట జనులును తరలివచ్చిరి. ఇంటికి పొండనినను పోలేదు. తమకు సొమ్ము వలదనియు, మతమే కావలెననియు పట్టుబట్టిరి. పల్లెవారీగా పేర్లు వ్రాసి, ఆయా బోధకులచే విచారింపజేసి, పిమ్మట చేర్చుకొనిరి. జూలై 3వ తేదీ యొక్కనాడు 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. ఆ దినమున బోధకులు ఆరుగురు వంతులవారీగా, ఒక్కసారి యిద్దరేసి నీటిలో నిలిచి ఆ కార్యము జరిపిరి. క్లౌ స్వయముగా చేయలేదు.

ఈ సంఖ్యను విని లోకమంతయు మెచ్చుకొనలేదు. వీరు అన్నమునకై చేరినవారేయని అనేకులు వ్రాసిరి. ఆయన సంఘములోనే శంకించినవారు గలరు. ఆ శంక పూర్తిగా కొట్టివేయదగినది కాదు. ఆపదలో ఆదుకొన్నవానియెడ కలుగు కృతజ్ఞతను, వాని మతముపై గలుగు నమ్మకమును తూచి వేరుచేయగల త్రాసు లేదు. కాని రెండు సంగతులు మరువరాదు. కరవునకు పదియేండ్లు ముందే, పేరయ్య మున్నగువారి మూలమున, ఆ పల్లెలలో ఈ కదలిక ఆరంభమైనది. మరియు పుచ్చుకొనుట కనువైన దినములలో చేయి చాపనివానిపై, చాపెనను నింద నిలువదు.

క్లౌ తరువాతను చాలకాలము ఒంగోలుననే యుండి బడులు పెంచెను, తగవులు తీర్చెను. చెట్టునీడన గూర్చుండి పల్లెవారి మాట వినుట ఆయన అలవాటు. మొదటి భార్య హారియెట్ 1893లో మరణించెను. వృద్ధాప్యమున స్వదేశము చేరి, 1910 నవంబరు 24న రాచెస్టరు నగరమున కన్నుమూసెను. ఒంగోలున ఆయన పేర ఆస్పత్రి వెలసెను.

ఆ కాలువలో పిదప చాలకాలము ఉప్పు, వంటచెరకు, ధాన్యము మోసికొని పడవలు నడచెను. గట్లు చాలచోట్ల విరిగెను, పూడిక పడెను. ఆ మూడున్నర మైళ్లను త్రవ్వినవారి పేర్లు ఏ శాసనమునను లేవు. ఆ యేట ధరకై కాచుకొన్నవారి గాదెలును లేవు, అరుగులపై గూర్చుండి కర్మమును తలచినవారును లేరు. పొరుగువాని గాదె వట్టిపోయినపుడు మన చేయి యెటు పోవుచున్నదని ప్రతివాడును తన్ను తాను అడిగికొనవలెను. ఏ మతమువాడైనను, ఏ యూరివాడైనను, ఆ లెక్క వ్రాయక తప్పదు.