రోగికే వైద్యం నేర్పిన వైద్యుడు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. అక్కడ ఒక వీధిలో పక్కపక్కనే మూడు ఇళ్లు. ఆ ఇళ్లలో ఒకరి తర్వాత ఒకరుగా కాపురమున్న ఏడుగురు కుటుంబ పెద్దల్లో ఆరుగురు షుగర్ జబ్బుతోనే కన్నుమూశారు. అదే ఏ అంటువ్యాధో అయితే ఊరంతా గగ్గోలెత్తేది. షుగర్ కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 1921లో ఈ సంగతిని వైద్యలోకం ముందు పెట్టి, జబ్బు వచ్చాక కాదు, రాకముందే మేలుకోవాలని హెచ్చరించిన వైద్యుడు ఎలియట్ జోస్లిన్. ఆయన జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

జోస్లిన్ 1869లో అదే రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ అనే ఊళ్లో జన్మించారు. 1895లో హార్వర్డ్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, 1898లో బోస్టన్‌లో ప్రాక్టీసు ప్రారంభించారు. కొంతకాలానికే కన్నతల్లికి షుగర్ ఉన్నట్టు బయటపడింది. అప్పటికి ఇన్సులిన్ లేదు. ఆహార నియమమే మందు. కొడుకు పర్యవేక్షణలో ఆ తల్లి పదేళ్లకు పైగా జీవించారు.

విద్యార్థిగా ఉన్న రోజుల నుంచే ఆయనకు ఒక అలవాటు ఉండేది. షుగర్ రోగి ఎవరు వచ్చినా వివరాలన్నీ ఒక పుస్తకంలో రాసిపెట్టేవారు. ఏళ్ల తరబడి సాగిన ఆ లెక్క వేలాది రోగుల చరిత్ర అయింది. ఏ పద్ధతి మేలు చేసిందో, ఏది చేయలేదో ఆ పుస్తకాలే ఆయనకు చెప్పాయి.

1922 ఆగస్టులో ఆయన తొలిసారి ఇన్సులిన్ వాడారు. మృత్యుముఖంలో ఉన్నవారు కోలుకోసాగారు. అయినా సూది ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు. ఆహారం, వ్యాయామం, ఇన్సులిన్ మూడూ కలిసి నడవాలన్నది ఆయన సిద్ధాంతం. డాక్టరు రోగిని చూసేది కొద్ది నిమిషాలే. మిగిలిన రోజంతా రోగికి రోగే వైద్యుడు. అందుకే 1918లోనే రోగులకు అర్థమయ్యే పుస్తకం రాశారు. మూత్రపరీక్ష చేసుకోవడం, భోజనం తూచుకోవడం, సూది వేసుకోవడం, పాదాలను కాపాడుకోవడం నేర్పించారు. ఈ పని కోసం నర్సులకు ప్రత్యేక శిక్షణ ఇచ్చి, రోగుల ఇళ్లకు కూడా పంపించారు.

చక్కెరను ఇంత కట్టడి చేయనక్కర లేదని వాదించిన వైద్యులూ ఉన్నారు. జోస్లిన్ తన మాట మార్చుకోలేదు. 1962లో, 92వ ఏట మరణించారు. కట్టడి వల్ల కళ్లు, మూత్రపిండాలు, నరాలకు రక్షణ కలుగుతుందని 1993లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఆయన మాటే నెగ్గింది.

పరగడుపున రక్తంలో చక్కెర 100 నుంచి 125 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. అది గడప దగ్గర నిలబడ్డ జబ్బు. ఈ దశలో బరువు కొంత తగ్గి, వారానికి 150 నిమిషాలు నడవడం వంటి మార్పులు చేసుకున్నవారిలో షుగర్ ముప్పు 58 శాతం తగ్గిందని 2002లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు.

మన ఇంట్లో అమ్మీకో అబ్బాకో షుగర్ ఉంటే మాత్రలు కొనిచ్చి ఊరుకుంటున్నామా? లేక పక్కన కూర్చుని, ఏం తిన్నారు, ఎంత నడిచారు, చక్కెర ఎంత ఉంది అని ఒక నోటు పుస్తకంలో రాస్తున్నామా? డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకెళితే ఆయనకున్న కొద్ది నిమిషాలూ వృథా కావు. జోస్లిన్ తన తల్లికి చేసిన సేవలో ఇంతవరకైనా మనం చేయగలం.