పదివేల పౌండ్లు వద్దన్న జిమ్మీ మెక్‌గ్రోరీ

మనవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే క్రికెట్ తర్వాత ఎక్కువగా నడిచేది ఉద్యోగాల కబుర్లే. ఎవరు ఏ కంపెనీకి మారారు, జీతం ఎంత పెరిగింది, గ్రీన్ కార్డు ఎంతవరకు వచ్చింది, ఇవే. మారడం తప్పని నేననను, నేనూ మారినవాణ్ణే. అయినా చేతికందిన మంచి ఆఫరును కాదన్నవాళ్ళ కథలంటే నాకు ఆసక్తి. అలాంటి ఒకాయన గురించి ఈసారి మీతో పంచుకుంటాను. ఆయన పేరు జిమ్మీ మెక్‌గ్రోరీ, స్కాట్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు. ఫుట్‌బాల్ అంటే అమెరికాలో మనం సాకర్ అంటామే, ఆ ఆట.

ఆయన 1904 ఏప్రిల్ 26న గ్లాస్గో నగరంలోని గార్న్‌గాడ్ అనే పేటలో పుట్టారు. బతుకుతెరువు కోసం ఐర్లండ్ నుంచి వలస వచ్చిన పేద కుటుంబాలు ఎక్కువగా ఉండే చోటు అది. వీళ్ళదీ అలాంటి కుటుంబమే. తండ్రి గ్యాస్ కర్మాగారంలో కూలి. చిన్నతనంలోనే తల్లి పోయింది. ఆ వలస కుటుంబాలు తమదిగా భావించే క్లబ్బు సెల్టిక్. పేద పిల్లలకు అన్నం పెట్టడానికి డబ్బు పోగుచేయాలని 1887లో ఒక చర్చి హాల్లో దాన్ని మొదలుపెట్టారు. పరాయి ఊళ్ళో సంఘం పెట్టుకోవడం ఎందుకో మనకు వేరే చెప్పనక్కర్లేదు కదా!

సెయింట్ రాక్స్ అనే పేట జట్టుకు ఆడుతున్న మెక్‌గ్రోరీని 1922లో సెల్టిక్ తీసుకుంది. 1923-24లో క్లైడ్‌బ్యాంక్ అనే చిన్న క్లబ్బుకు పంపింది, మన కన్సల్టింగ్ కంపెనీలు క్లయింటు దగ్గరికి పంపినట్టే! అక్కడ లీగులో 13 గోల్స్ కొట్టి తిరిగి వచ్చారు. మనిషి పెద్ద పొడగరి కాదు, కానీ భుజబలం ఉన్నవాడు. వానకు తడిసి బరువెక్కిన తోలు బంతిని గాల్లోకి ఎగిరి తలతో గోల్‌లోకి కొట్టడంలో ఆయనకు సాటిలేరు. 1925 స్కాటిష్ కప్ ఫైనల్లో డండీ మీద గెలుపు గోల్ అలా వచ్చిందే. 1928 జనవరి 14న డన్‌ఫర్మ్‌లిన్ మీద ఒక్క మ్యాచ్‌లోనే 8 గోల్స్ కొట్టారు.

అసలు కథ ఆ వేసవిలో జరిగింది. లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్బు మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ ఆయన కోసం 10,000 పౌండ్లు ఇస్తామన్నాడు. అప్పటికి బ్రిటన్‌లో ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. సెల్టిక్ పెద్దలకు అమ్మాలనే ఉంది. మేనేజర్ విల్లీ మేలీతో కలిసి ఫ్రాన్స్‌లోని లూర్డ్ పుణ్యక్షేత్రానికి వెళుతూ మెక్‌గ్రోరీ లండన్‌లో దిగితే, చాప్‌మన్ అక్కడే వచ్చి కలిశాడు. తిరుగు ప్రయాణంలోనూ మళ్ళీ అడిగాడు. రెండుసార్లూ మెక్‌గ్రోరీ సమాధానం ఒకటే: వద్దు.

ఆ అక్టోబరులో ఆర్సెనల్ 10,890 పౌండ్లు పెట్టి డేవిడ్ జాక్‌ను కొనుక్కుంది. 1931 నుంచి 1938 లోపల ఐదుసార్లు ఇంగ్లండ్ లీగు గెలిచింది. మరి మెక్‌గ్రోరీకి దక్కిందేమిటి? సెల్టిక్ తోటి ఆటగాళ్ళకంటే తక్కువ జీతం! మాట వినలేదన్న కోపంతో క్లబ్బు అలా చేసిందని ఆయనకు చాలాకాలం తర్వాత గానీ తెలియలేదు.

ఇక్కడే నేను ఆగి ఆలోచించాను. ఆయన కంపెనీకి విశ్వాసంగా ఉన్నారు, కంపెనీ ఆయనకు లేదు. మనలో చాలామందికి ఇది అనుభవమే. కానీ ఆయన ఉండిపోయింది ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్ళ కోసం కాదు. ఆయన ఆడింది చిన్నప్పటి నుంచీ అభిమానించిన జెర్సీ కోసం, శనివారం మైదానంలో నిలబడి చూసే తన పేటవాళ్ళ కోసం.

దేశం తరపున అవకాశాలూ తక్కువే వచ్చాయి. హ్యూయీ గల్లాకర్ అనే మరో గొప్ప ఆటగాడు ఉండటంతో 7 మ్యాచులే ఆడారు, 6 గోల్స్ కొట్టారు. అందులో రెండు 1933లో హ్యాంప్‌డెన్ మైదానంలో ఇంగ్లండ్ మీద కొట్టినవి. స్కాట్లండ్ 2-1తో గెలిచింది, చూసినవాళ్ళు లక్షా ముప్పైనాలుగు వేలకు పైనే. 1935-36లో లీగులో 50 గోల్స్ కొట్టి సెల్టిక్‌కు పదేళ్ళ తర్వాత టైటిల్ తెచ్చారు. ఆ 1936లోనే కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ నుంచి మహమ్మద్ సలీం వెళ్ళి, బూట్లు లేకుండా కాళ్ళకు బ్యాండేజీలు చుట్టుకుని సెల్టిక్ రెండో జట్టుకు ఆడి, ఇంటి మీద బెంగతో తిరిగి వచ్చేశాడు.

1937 డిసెంబరులో ఆట మానేసి కిల్మార్నక్ క్లబ్బుకు మేనేజరయ్యారు. 1945లో సెల్టిక్‌కే మేనేజరుగా వచ్చి 20 ఏళ్ళు చేశారు. జట్టు ఎంపికలో ఛైర్మన్ మాటే చెల్లేది, అందుకని ఆయనకు చేతులు కట్టేసినట్టే ఉండేది. అయినా 1954లో లీగు, కప్పు రెండూ గెలిచారు. 1957 లీగ్ కప్ ఫైనల్లో రేంజర్స్‌ను 7-1తో ఓడించారు. 1982 అక్టోబరు 20న 78వ ఏట కన్నుమూశారు.

లీగుల్లో 408 మ్యాచులు, 410 గోల్స్. మ్యాచుకొకటి కంటే ఎక్కువ! అన్నీ కలిపి 550. బ్రిటన్‌లో అంతకు మించి కొట్టినవాళ్ళు లేరు. ఆయన చేసిందే సరైనదని, మనమంతా అలాగే చేయాలని చెప్పను. మన ఇంటి ఖర్చులు, వీసా ఇబ్బందులు మనకున్నాయి. కానీ ఉండిపోయినా, మారినా, ఎవరి కోసం అన్న ప్రశ్నకు మనకంటూ ఒక జవాబు ఉండాలి. ఆయన దగ్గర ఆ జవాబు ఉంది. అందుకే జీతంలో కోత పడినా ఆటలో పడలేదు.