చిత్రకోట చెంత ఎల్విన్ సంసారము

వెరియర్ ఎల్విన్ 1902లో ఇంగ్లండునందలి డోవరులో జన్మించెను. ఆక్స్‌ఫర్డున విద్య ముగించి, 1927లో క్రైస్తవసేవకై భారతదేశమునకు వచ్చి, గాంధీజీకి సన్నిహితుడై, తుదకు చర్చిని వీడి మైకాల పర్వతసీమయందలి గోండుల నడుమ స్థిరపడెను. 1940లో రాజగోండు యువతియగు కోసిని వివాహమాడెను.

ఆ పిమ్మట దంపతులు బస్తరు సంస్థానమునకు తరలి, చిత్రకోట వద్ద ఇంద్రావతి జలపాతమై దూకుచోట కొంతకాలము నివసించిరి. గోదావరిలో గలియు ఆ నది తెలుగువారికి పరాయిది కాదు. 1941లో వారికి కుమారుడు కలిగెను. ఇంట కుమార్ అని పిలిచిరి. ఆ కాలముననే తండ్రి మురియా పల్లెలు తిరిగి, యువతీయువకుల సహనివాసమగు ఘోటుల్‌ను పరిశీలించెను. మారియాల 100 హత్యాభియోగములను పరిశోధించెను. మారియాలను గూర్చిన గ్రంథము 1943లోను, ఘోటుల్‌ను గూర్చిన బృహద్గ్రంథము 1947లోను వెలువడినవి.

పరుల దాంపత్యమును అంత నిశితముగా వర్ణించిన లేఖిని స్వగృహిణి విషయమున దాదాపు మూగవోయెను. 1949లో వారు విడిపోయిరి. 1964లో, ఎల్విన్ మరణానంతరము ప్రకటితమైన ఆత్మకథలో కోసికి దక్కిన చోటు అత్యల్పము. జాతిశాస్త్రజ్ఞునకు ఇది చిన్నలోపము కాదు. ఆ గ్రంథమునకే 1965లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. కోసి ఎల్విన్ అనంతరము నాలుగు దశాబ్దములకు పైగా మైకాల సీమయందే పేదరికమున జీవించెను.