సుద్దాల హనుమంతు

సుద్దాల హనుమంతు తెలంగాణకు చెందిన ప్రజాకవి, గాయకుడు, తెలంగాణ సాయుధ పోరాట యోధుడు. తన పాటలను తానే రాసి, తానే బాణీ కట్టి, ఊరూరా తిరిగి తానే పాడినందువల్ల ఆయనను ప్రజావాగ్గేయకారుడు అంటారు. నిజాం పాలనలోని వెట్టిచాకిరీ, దొరల దౌర్జన్యం, జీతగాళ్ల బతుకులు ఆయన పాటలకు ప్రధాన వస్తువులు. పశువులు కాసే జీతపు బాలుని గురించి ఆయన రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' 1980లో విడుదలైన 'మాభూమి' చలనచిత్రం ద్వారా తెలుగువారందరికీ చేరింది. అప్పటికే ఆ పాట మూడు దశాబ్దాలకు పైగా జనం నోళ్లలో ఉంది. పాట తెలిసినవారిలో చాలామందికి దాన్ని రాసినవారి పేరు తెలియదు.

జననం, బాల్యం

హనుమంతు 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో నల్గొండ జిల్లా మోత్కూరు ప్రాంతంలోని పాలడుగు గ్రామంలో ఒక పేద పద్మశాలి కుటుంబంలో జన్మించాడు. తల్లి లక్ష్మీనరసమ్మ, తండ్రి బుచ్చిరాములు. తండ్రి ఆయుర్వేద వైద్యుడు. వారి ఇంటిపేరు గుర్రం. తరువాతి కాలంలో గుండాల మండలంలోని సుద్దాల గ్రామంలో స్థిరపడడం వల్ల ఊరి పేరే ఇంటిపేరుగా మారిపోయింది. పాలడుగు, సుద్దాల గ్రామాలు రెండూ ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నాయి.

పెద్ద చదువులు చదివే అవకాశం ఆయనకు లేకపోయింది. నైజాం రాజ్యంలో పాలనాభాష, చదువుల భాష ఉర్దూ. తెలుగు పల్లెల్లో బడి ఉండడమే అరుదు. అటువంటి రోజుల్లో పల్లె జనానికి పురాణం, నీతి, హాస్యం అన్నీ భజనలు, యక్షగానాలు, వీధి భాగవతాల ద్వారానే అందేవి. హనుమంతుకు చిన్ననాటి నుండి వీటిపై మక్కువ ఎక్కువ. దరువు, లయ, జనం ముందు నిలబడి గొంతెత్తే ధైర్యం ఆయనకు ఈ వాతావరణంలోనే అబ్బాయి.

హైదరాబాదు జీవితం

యువకుడుగా ఉన్నప్పుడు బతుకుదెరువు కోసం హైదరాబాదు వెళ్లి, ప్రభుత్వ కార్యాలయంలో చిన్న ఉద్యోగం చేశాడు. నగరంలో ఆయనకు ఆర్యసమాజంతో పరిచయమైంది. 1938-39 సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఆర్యసమాజం నడిపిన సత్యాగ్రహం హైదరాబాదు సంస్థానంలోని ఎందరో యువకులను రాజకీయాలవైపు నడిపించింది. హనుమంతు ఆలోచనల్లో కూడా మార్పు ఈ కాలంలోనే మొదలైంది. తరువాత ఆయన ఉద్యోగం వదులుకుని పల్లెకు తిరిగి వచ్చాడు.

నాటి పరిస్థితులు

హనుమంతు పాటలు అర్థం కావాలంటే ఆనాటి పల్లెల స్థితి కొంత తెలియాలి. తెలంగాణ గ్రామాల్లో దేశ్‌ముఖులు, జాగీర్దారులు, మక్తేదారులు వేలాది ఎకరాల భూమిని తమ అధీనంలో ఉంచుకున్నారు. ఊళ్లోని ప్రతి కులమూ దొర గడీకి ఉచితంగా పని చేయవలసి ఉండేది. చాకలి బట్టలు ఉతకాలి, మంగలి క్షౌరం చేయాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి. వీరెవరికీ కూలి లేదు. రైతు ముందు దొర పొలం దున్నిన తరువాతే తన పొలం దున్నుకోవాలి. దీనినే వెట్టి అనేవారు. తీసుకున్న అప్పు తీరేదాకా, ఒక్కొక్కసారి తరతరాలు, దొర ఇంట జీతం ఉండడం మరొక ఆచారం. తండ్రి అప్పుకు కొడుకు, అదీ పాలు మరిచిన కొద్ది ఏళ్లకే, పశువుల వెంట నడిచేవాడు.

దీనికి తోడు సభ జరుపుకోవాలంటే ముందుగా ప్రభుత్వం అనుమతి పొందాలనే ఉత్తర్వు ఉండేది. దీన్ని గస్తీ నిషాన్ తిర్పన్ అనేవారు. సభ పెట్టడం కష్టమైనచోట, కరపత్రం ఇచ్చినా చదవగలిగినవారు లేనిచోట, రాజకీయం పల్లెకు చేరాలంటే పాట తప్ప మరొక దారి దాదాపు లేదు. హనుమంతు పాటకు దొరికిన ప్రాధాన్యానికి మూలం ఇక్కడే ఉంది.

ఆంధ్ర మహాసభలో

1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ 11వ మహాసభ జరిగింది. అప్పటివరకు భాష, గ్రంథాలయాలు, సంస్కరణల గురించి పనిచేసిన సంస్థ ఈ సభ తరువాత పేద రైతులు, కూలీల సంస్థగా మారింది. సభ్యత్వ రుసుమును కూడా బాగా తగ్గించారు. ఈ మహాసభ ప్రభావం హనుమంతుపై గాఢంగా పడింది. ఆయన సంఘంలో చేరి, సుద్దాలలోను చుట్టుపక్కల గ్రామాల్లోను ప్రచారం సాగించాడు. ప్రజలు ఆంధ్ర మహాసభను సంఘం అని, దాని కార్యకర్తలను సంఘపోళ్లు అని పిలుచుకునేవారు. సంఘం మాట ఊళ్లోకి వెళ్లేముందు చాలాచోట్ల హనుమంతు పాట వెళ్లేది.

1946 జూలై 4న కడవెండి గ్రామంలో విసునూరు దేశ్‌ముఖు మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించాడు. దీనితో ఉద్యమం కొత్త మలుపు తిరిగి సాయుధ పోరాటంగా మారింది. కడవెండి ప్రాంతం సుద్దాలకు దూరం కాదు. హనుమంతు పాటల్లో అర్జీ స్వరం తగ్గి ఎదిరింపు స్వరం పెరగడానికి ఈ సంఘటనల నేపథ్యమే కారణం.

కళారూపాలు

హనుమంతు కేవలం పాటలతో ఆగలేదు. పల్లె జనానికి అలవాటైన కళారూపాలను తీసుకుని వాటిలో కొత్త విషయాన్ని నింపాడు. కొందరు కళాకారులను కూడగట్టుకుని దళంగా ఏర్పడి ప్రదర్శనలు ఇచ్చాడు. వాటిలో ముఖ్యమైనవి:

గొల్లసుద్దులు: భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలతో గొల్లలు చెప్పే కథారూపం ఇది. ఒకరు ప్రశ్న వేస్తే మరొకరు జవాబు చెబుతూ కథ సాగుతుంది. యాదవ పురాణాల స్థానంలో హనుమంతు రైతుల కష్టాలను పెట్టాడు. ప్రశ్న, జవాబు పద్ధతి వల్ల ఇది జనానికి ఒక పాఠంలాగా కూడా ఉపయోగపడింది.

పిట్టలదొర: చినిగిన దుస్తులు, టోపీ, కట్టె తుపాకీతో వచ్చి గొప్పలు చెప్పుకునే హాస్యపాత్ర. లేని ఐశ్వర్యాన్ని ఉన్నట్లు చెప్పుకునే ఈ పాత్ర దొరలను, అధికారులను ఎగతాళి చేయడానికి చక్కగా సరిపోయింది.

బుర్రకథ: మధ్యలో తంబురా పట్టిన కథకుడు, ఇరువైపులా డక్కీలు వాయించే ఇద్దరు వంతలు ఉంటారు. ఒక వంత హాస్యం, మరొక వంత రాజకీయం చెబుతాడు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి కోస్తా జిల్లాల్లో ఈ రూపాన్ని గొప్ప ప్రచార సాధనంగా మలచింది. తెలంగాణలో దాన్ని వాడుకున్నవారిలో హనుమంతు ఒకడు.

ఇవి గాక ఫకీరు వేషం, సాధువు వేషం వంటివాటిని కూడా ఆయన ఉపయోగించాడు. ఊరూరా తిరిగే బిచ్చగాళ్లను, వేషగాళ్లను ఎవరూ అనుమానించరు. అందువల్ల ఈ రూపాలు నిర్బంధం మధ్య ప్రచారం చేసేందుకు కూడా అనుకూలించాయి. పోరాట గాథను 'వీర తెలంగాణ' అనే యక్షగానంగా కూడా ఆయన రచించాడు.

పాటల తీరు

హనుమంతు పాటలు చదువుకోవడానికి రాసినవి కావు, గుంపుగా పాడడానికి కట్టినవి. ఒకరు చరణం పాడితే మిగిలినవారు పల్లవి అందుకునేలా వాటి నిర్మాణం ఉంటుంది. చరణాలు చిన్నవి. మాటలు నల్గొండ పల్లెల్లోనివి. బాణీలు జనానికి ముందే తెలిసినవి కావడం వల్ల ఒక్కసారి విన్నవారు కూడా మరునాడు పాడుకోగలిగేవారు. అమెరికాలోని నల్లజాతి గాయకులు చర్చిల్లో పాడుకునే భక్తిగీతాల బాణీల నుండే తమ సోల్ సంగీతాన్ని తీర్చిదిద్దుకున్నారు. హనుమంతు కూడా భజన, భాగవతాల దరువులను వదలకుండా వాటిలోని దేవుని స్థానంలో కూలివానిని నిలబెట్టాడు.

వెట్టిచాకిరీ గురించి రాసిన పాట ఆయన రచనల్లో బాగా ప్రసిద్ధి పొందినవాటిలో ఒకటి. ఆ విధానం పల్లె ప్రజలకు కొత్త కాదు. అయితే అది తలరాత కాదని, మనుషులు పెట్టిన పద్ధతి కనుక మనుషులే దాన్ని తీసివేయగలరని ఆ పాట వారికి తెలియజెప్పింది.

పల్లెటూరి పిల్లగాడా

హనుమంతు రచనల్లో అగ్రస్థానం ఈ పాటదే. ఇందులో కవి ఒక పశులకాపరి బాలుణ్ణి పలకరిస్తూ, అతని రూపాన్ని ఒక్కొక్కటిగా చూపుతూ పోతాడు. ఒంటికి చాలని చినిగిన అంగీ, తాటిమట్టతో చేసిన చెప్పులు, ముళ్ల దారి, తోడుగా ఉన్న ఒక్క కర్ర కనిపిస్తాయి. కంచె దూకే పశువులు పొలం పాడు చేస్తే దెబ్బలు తినేది ఆ బాలుడే. చివరకు అతని జీతం లెక్క వస్తుంది. అది నెలకు కొలిచి ఇచ్చే కొద్దిపాటి వడ్లు. అందులో తాలు కలిసి ఉంటుంది, కొలత కూడా తక్కువే.

ఈ పాటలో ఆవేశపూరితమైన పిలుపు లేదు, నినాదం లేదు. దొరను తిట్టడం కూడా దాదాపు లేదు. ఉన్నదంతా ఒక పిల్లవానిపై జాలి, అతని కూలి ఎలా దోపిడీ అవుతున్నదో చెప్పే లెక్క. ఆ లెక్క విన్న ప్రతి జీతగాడూ తన లెక్క తాను చూసుకునేవాడు. ఉద్యమం ముగిసిన తరువాత అనేక పోరాట గీతాలు సందర్భం మారి మరుగున పడగా ఈ పాట నిలిచి ఉండడానికి కారణం ఇదే. దేశంలో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. బాలకార్మిక నిషేధ చట్టం 1986లో వచ్చింది. హనుమంతు పాట వాటికి దశాబ్దాల ముందే పుట్టింది.

సాయుధ పోరాటం, తరువాతి జీవితం

1947-48లో ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు గ్రామాలపై దాడులు సాగించారు. ఆ కాలంలో హనుమంతు అజ్ఞాతంలో ఉంటూ పనిచేశాడు. 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు జరిగిన పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. అయితే భూమి సమస్య తీరలేదు. కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని కొనసాగించి, 1951 అక్టోబరు 21న విరమించింది.

పోరాటం ముగిసిన తరువాత అందులో పాల్గొన్న సామాన్యులు తమ ఊళ్లకు, తమ పేదరికానికి తిరిగి వెళ్లారు. హనుమంతు కూడా సుద్దాలలోనే సామాన్య జీవితం గడిపాడు. పాటను ఆయన జీవనోపాధిగా చేసుకోలేదు. ఆయన పాటలు మాత్రం ఆయనతో నిమిత్తం లేకుండా జనం నోట తిరుగుతూ వచ్చాయి. నోటి పాటకు రచయిత పేరు అంటిపెట్టుకుని ఉండదు. అందువల్ల ఆయన పాటల్లో కొన్ని అజ్ఞాత కవుల పాటలుగా, మరికొన్ని జానపద గీతాలుగా చెలామణీ అయ్యాయి. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు పోరాటకాలపు పాటలను సేకరించి అధ్యయనం చేసిన తరువాతే ఈ సాహిత్యానికి విద్వాంసుల దృష్టిలో స్థానం లభించింది.

మాభూమి

కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నరసింగరావు తదితరులు నిర్మించిన 'మాభూమి' 1980 మార్చిలో విడుదలైంది. ఇందులో బండి యాదగిరి పాటను గద్దర్ పాడగా, హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' మరొక ముఖ్య గీతంగా నిలిచింది. పోరాటాన్ని చూడని తరానికి, తెలంగాణ వెలుపలి తెలుగువారికి కూడా ఈ పాట అప్పుడే పరిచయమైంది. ఆ పేరు రావడానికి ఆయన వృద్ధుడు కావలసి వచ్చింది.

మరణం

హనుమంతు క్యాన్సర్ వ్యాధితో 1982 అక్టోబరు 10న మరణించాడు.

కుటుంబం

ఆయన భార్య జానకమ్మ. ఉద్యమ జీవితంలోను, కష్టకాలంలోను ఆయనకు తోడుగా నిలిచింది. కుమారుడు సుద్దాల అశోక్ తేజ ప్రసిద్ధ సినీగేయ రచయిత. సినీరంగానికి రాకముందు కరీంనగర్ జిల్లా మెట్‌పల్లిలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. 2003లో వచ్చిన 'ఠాగూర్' చిత్రంలోని పాటకు ఉత్తమ గేయరచయితగా జాతీయ పురస్కారం అందుకున్నాడు. సినీనటుడు ఉత్తేజ్ హనుమంతుకు మనుమడు, కూతురి కుమారుడు.

ప్రభావం, స్మృతి

తెలంగాణలో పాట ఉద్యమానికి ముందు నడిచే సంప్రదాయానికి బాట వేసినవారిలో హనుమంతు ఒకడు. 1970వ దశకంలో జననాట్యమండలి కళాకారులు గొంగడి, గజ్జెలతో పల్లెపల్లెనా పాడినప్పుడు, 1978లో కరీంనగర్ జిల్లాలో జగిత్యాల జైత్రయాత్ర జరిగిన రోజుల్లో రైతుకూలీల పాటలు వెల్లువెత్తినప్పుడు, ఆ తరువాత ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ధూంధాం సభలు జరిగినప్పుడు కనిపించిన పద్ధతి అదే. తెలిసిన బాణీ, ఊరి మాట, కూలివాని కథ కలిసి ఆ పాటలు పుట్టాయి.

హనుమంతు, జానకమ్మల పేరిట కుటుంబ సభ్యులు ఒక పురస్కారాన్ని నెలకొల్పి, ప్రజాకళలకు సేవ చేసినవారికి అందజేశారు. ఆయన పేరు తెలియనివారు కూడా పశువుల వెంట నడిచే ఆ పిల్లవాని పాటను ఈనాటికీ పాడుతున్నారు.