సీమకెళ్లి సినిమా నేర్చిన కొడుకు

రఘుపతి వెంకయ్య గారి పేరు మనలో చాలామంది వినే ఉంటారు. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరిట సినిమా పురస్కారం పెట్టింది కదా, అలాగన్నా చెవిన పడి ఉంటుంది. ఆయన కొడుకు సూర్యప్రకాష్ ఎవరని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాం. సినిమా తీయడం నేర్చుకుందామని సముద్రం దాటి వెళ్లిన తొలితరం తెలుగు కుర్రాడు ఆయన. ఇప్పటి పిల్లలు డిగ్రీ చదివే ఈడులో వెళ్లారు. మా అనంతపురం వైపు సీమ అంటే మా సీమే గానీ, పాతకాలంలో సీమంటే ఇంగ్లండు. ఆ సీమకన్నమాట.

కొడుకు సంగతి చెప్పాలంటే తండ్రి నుంచే మొదలుపెట్టాలి. వెంకయ్య గారిది మచిలీపట్నం. చిన్నవయసులోనే మద్రాసు చేరి ఫోటో స్టూడియో పెట్టి బాగానే నిలదొక్కుకున్నారు. హాయిగా ఫోటోలు తీసుకుంటూ ఉండొచ్చు కదా! ఉండలేదు. 1909లో ఆ స్టూడియోనే తాకట్టు పెట్టి క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. బొమ్మ కదులుతుంటే పక్కన గ్రామఫోను లాంటిది పాడుతుంది. దాని ఖరీదు 30,000 రూపాయలని చెబుతారు. ఆ రోజుల్లో ముప్పైవేలు! మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో చిన్న చిన్న చిత్రాలు ఆడించి, తర్వాత ఆ యంత్రాన్ని వెంటేసుకుని ఊళ్లు తిరిగారు. సిలోన్, రంగూన్ దాకా వెళ్లొచ్చారు. 1914 ప్రాంతంలో మౌంట్ రోడ్డులో గెయిటీ థియేటరు కట్టించారు. ఆ తర్వాత క్రౌన్, గ్లోబ్.

1901లో పుట్టిన ప్రకాష్ ఈ సందడి మధ్యే పెరిగారు. హాళ్లున్నాయి, జనం వస్తున్నారు. ఆడించే బొమ్మలు మాత్రం పరాయివి. మన కథలు మనమే తీసుకుంటే పోలా అని తండ్రికి అనిపించింది. తీయడం ఎవరికొచ్చు? నేర్పే బడి ఇక్కడ లేదు. అందుకని కొడుకుని ఓడెక్కించారు.

లండన్ దగ్గర ఈలింగ్‌లో బార్కర్ వాళ్ల స్టూడియోలో ప్రకాష్ పనికి కుదిరారు. చదువంటే క్లాసురూమూ నోట్సులూ కాదు, చేత్తో చేసే పని. అప్పటి కెమెరాకి మోటారు ఉండదు, పిడి పట్టుకుని చేత్తో తిప్పాలి. తిప్పుడు తగ్గితే తెరమీద మనుషులు పరిగెడతారు, పెరిగితే ఈడుస్తారు. మనం పిండి రుబ్బేటప్పుడు చేతికి ఒక లెక్క కుదురుతుంది చూడండి, అలాంటిదే. ఫిల్ము కడగడం, అతకడం, వెలుగు చూసుకోవడం కూడా అక్కడ నేర్చిందే. ఆ తర్వాత జర్మనీ, అమెరికా కూడా తిరిగొచ్చారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా అన్న కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. విదేశాల్లో ఫిల్మ్ ప్రొడక్షన్ చదువుతానని పట్టుబట్టింది. మా అన్నకున్నది ధర్మవరం దారిలో కొంచెం మెట్టచేను. వానలు మొహం చాటేసి రెండేళ్లుగా శెనక్కాయకి ఊడలే సరిగా దిగలేదు, బోర్లు వేస్తే దుమ్ము లేచింది. చేను బ్యాంకులో పెట్టాలా, వదిన నగలు పెట్టాలా అని నన్ను సలహా అడిగాడు. వదిన మాత్రం నోరు విప్పలేదు. వెంకయ్య గారింట్లో ఆడవాళ్లని ఎవరైనా అడిగారో లేదో! ఆ పిల్లకి నేనింకా ఏ జవాబూ చెప్పలేదు. ప్రకాష్ తిరిగొచ్చాక ఏమైందో మాత్రం చెప్పాను.

తిరిగొచ్చాక తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అని కంపెనీ పెట్టి, మద్రాసు పురసవాక్కంలో అద్దాల స్టూడియో కట్టారు. పగటి వెలుగు లోపలికి రావాలని గాజు కప్పు. 1921లో అక్కడే ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. మూకీ. దర్శకుడూ ప్రకాషే, భీష్ముడూ ప్రకాషే. తండ్రి కోరిక కోసం కొడుకు రాజ్యం వదులుకునే కథ కదా అది. వీళ్లింట్లో తిరకాసేమిటంటే, కొడుకు చదువు కోసం అన్నీ ఒడ్డింది తండ్రి.

మరి గంగాదేవి ఎవరు? పెగ్గీ కాస్టెల్లో అనే ఇంగ్లీషు ఆవిడ! మనింటి ఆడపిల్ల కెమెరా ముందుకి రావడం అప్పట్లో అంత తేలిక కాదు మరి. మన గంగమ్మకి దొరసాని దిక్కయింది.

మరికొన్ని పురాణాలు తీశారు. డబ్బు మాత్రం నిలవలేదు. అప్పులు పెరిగాయి, థియేటర్లు చేజారాయి, స్టూడియో మూతపడింది. నన్నడిగితే వెంకయ్య గారిని కుంగదీసింది కొడుకు చదువు ఖర్చు కాదు. చదివొచ్చాక ఆ చదువుని నిలబెట్టడానికి ఏటా పెట్టాల్సిన ఖర్చు. ఆ లెక్క ముందు ఎవరూ వేయరు. వెంకయ్య గారు 1941లో పోయారు.

నేర్చుకున్న పని ఎక్కడికి పోతుంది? కాకినాడ సి. పుల్లయ్య గారు ఆ తండ్రీకొడుకుల దగ్గరే ఓనమాలు దిద్దుకున్నారు. 1934లో ఆయన తీసిన ‘లవకుశ’ చూడ్డానికి ఆడవాళ్లు బళ్లు కట్టుకుని వచ్చారని మా పెద్దవాళ్లూ చెప్పేవారు. నటి లక్ష్మి తండ్రి వై.వి. రావు గారు కూడా మొదట్లో ప్రకాష్ మూకీల్లో వేషాలు వేసినవారే.

ప్రకాష్ కూడా ఊరుకోలేదు. సొంత కంపెనీ లేకపోతేనేం, వేరేవాళ్లకి తీసిపెట్టారు. 1940లో ‘చండిక’ తీశారు. అందులో కన్నాంబ, బళ్లారి రాఘవ. రాఘవ గారు మా జిల్లావారే, తాడిపత్రిలో పుట్టారు. నాటకంలో ఆడవేషం ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టిన మనిషి. దొరసాని గంగతో మొదలైన ప్రకాష్ సినిమా కన్నాంబ చండిక దాకా రావడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది.

తాడిపత్రి వాడే ఇంకొకాయన, కె.వి. రెడ్డి గారు, ఏ సీమకీ వెళ్లలేదు. మద్రాసులోనే బి.ఎన్. రెడ్డి గారి దగ్గర పనిచేస్తూ నేర్చుకున్నారు. అప్పటికి నేర్పేవాళ్లు ఇక్కడే ఉన్నారు మరి. ఈ మాట చెప్పగానే మా అన్న మొహం కాస్త తేటపడింది. ఆ పిల్ల మొహం ముడుచుకుంది.

కె.వి. రెడ్డి గారి ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. ప్రకాష్ అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు. ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రింటు ఒక్కటీ మిగల్లేదు.