కృష్ణబిలపు హద్దును గణించిన కార్ల్ ష్వార్జ్‌షిల్డ్

ఆయుష్షు స్వల్పమైనా కీర్తి దీర్ఘమైన శాస్త్రజ్ఞులలో కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ ఒకరు. ఆయన 1873 అక్టోబరు 9న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో, అల్పసంఖ్యాకులైన యూదుల కుటుంబంలో, ఆరుగురు సంతానంలో జ్యేష్ఠులుగా జన్మించారు. పదహారేండ్ల ప్రాయంలోనే జంట నక్షత్రాల కక్ష్యలను గూర్చి వ్యాసం ప్రకటించారు. 1901లో గోటింగెన్ వేధశాలకు, 1909లో పోట్స్‌డామ్ వేధశాలకు అధిపతులైనారు.

1914లో ప్రపంచయుద్ధం ప్రారంభం కాగా, నలుబదేండ్లు దాటినా స్వచ్ఛందంగా సైన్యంలో చేరారు. 1915 నవంబరులో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతపు సమీకరణాలను ప్రకటించారు. వాటికి ఆయన చూపినది ఉజ్జాయింపు సాధన మాత్రమే. సైనిక విధులలో ఉంటూనే ష్వార్జ్‌షిల్డ్ గోళాకార ద్రవ్యరాశికి ఖచ్చితమైన సాధన కనుగొని, డిసెంబరు 22న ఐన్‌స్టీన్‌కు లేఖ వ్రాశారు. ఐన్‌స్టీన్ దానిని 1916 జనవరి 13న ప్రష్యా విజ్ఞాన పరిషత్తుకు సమర్పించారు.

ఆ సాధనలో ఒక విచిత్రమైన వ్యాసార్ధం దాగి ఉన్నది. సూర్యుని ద్రవ్యరాశికి అది సుమారు 3 కిలోమీటర్లు. భూమికి సుమారు 9 మిల్లీమీటర్లు. ద్రవ్యరాశి అంతా ఆ హద్దులోనికి కుదించుకుపోతే వెలుగు సైతం వెలికి రాలేదు. అట్టి వస్తువును కృష్ణబిలమనీ, ఆ హద్దును ఘటనా క్షితిజమనీ నేడు మనం వ్యవహరిస్తున్నాము.

ఆ హద్దు చెంత కాలం మందగిస్తుంది. వ్యాసార్ధం కంటె మూడోవంతు అధికమైన దూరంలో నిలిపిన గడియారం, సుదూరాన మనకు రెండు గంటలు గడిచేసరికి ఒక గంట మాత్రమే చూపుతుంది. లోనికి పడిపోయే వ్యోమగామి మన కంటికి నానాటికీ నెమ్మదించి, ఎరుపెక్కి, మసకబారి, హద్దు వద్దనే నిలిచిపోయినట్లు తోస్తాడు. తన గడియారం ప్రకారం మాత్రం అతడు కొద్ది కాలంలోనే హద్దు దాటుతాడు. రెండు లెక్కలూ సత్యమే.

ఈ అర్థమంతా విశదమగుటకు నాలుగు దశాబ్దాలు పైగా పట్టింది. యుద్ధరంగంలో మొదలైన చర్మవ్యాధితో ష్వార్జ్‌షిల్డ్ 1916 మే 11న, 42 ఏండ్లకే కన్నుమూశారు. ఏ దేశం కొరకు ఆయన సైన్యంలో చేరారో ఆ దేశాన్ని, నాజీల పాలనలో, ఖగోళ శాస్త్రజ్ఞుడైన కుమారుడు మార్టిన్ 1936లో విడువవలసి వచ్చింది. 2019 ఏప్రిల్ 10న కృష్ణబిలపు తొలి చిత్రం వెలువడినప్పుడు లోకం చూచినది, ఆ తండ్రి గణితం సూచించిన చీకటినే.

సదుపాయాలు సమకూరిన పిదప చదువుదామని తలచే మనకు, ఫిరంగుల నడుమ సాగిన ఆ గణితమే సమాధానం.